ఎడమ సీటు ముందున్న అర

ఈ వీధిలో చిన్నా పెద్దా అందరూ కత్తెరమ్మ అని పిలిచే నేను, వృత్తి ఆడవాళ్ళ దర్జీ పని, వయసు అరవై తొమ్మిది, అవివాహితను, మంచి తెలివిలో ఉండి, ఎవరి బలవంతానికీ మొహమాటానికీ లొంగకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. కత్తెరమ్మ అన్న పేరు సగం నా వృత్తిని బట్టి, సగం నా నోటిని బట్టి వచ్చింది. నా తెలివి మీద ఎవరికైనా అనుమానం ఉంటే, నిన్న సాయంత్రం సన్న సూదిలో దారం మొదటిసారికే ఎక్కించానని, అది కళ్ళారా చూసిన మనిషే కింద సాక్షి సంతకం చేస్తున్నారని మనవి. ఇంతకుముందు నేను ఏ విల్లూ రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం తెస్తే అది దొంగ కాగితం.

నెలాఖరున నాకు గుండె ఆపరేషన్. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పకుండా ఉంటే నమ్మేదాన్ని. అందుకని ముందు జాగ్రత్తగా ఈ కాగితం.

ఇంట్లో సామాను పంచడానికి అర పేజీ చాలు. మిగతాదంతా షెడ్డులో ఉన్న కారు గురించి. అది మా తమ్ముడి కారు. వాడు పోయి తొమ్మిదేళ్ళు అయింది. దాన్ని తుక్కు కింద అమ్మెయ్యమంటుంది వాడి భార్య, అంటే నా మరదలు. నాకిస్తే నడుపుకుంటానంటుంది వాడి కూతురు, అంటే నా మేనకోడలు. ఎవ్వరికీ ఇవ్వనన్నాను నేను. నా తదనంతరం అది ఎవరి చేతికి పోవాలో తేల్చడమే ఈ కాగితం అసలు పని.

1. ఈ వీలునామా అమలుకర్తగా ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు గారిని నియమిస్తున్నాను. షెడ్డులో ఇంజను స్టార్టు చేసినప్పుడల్లా ఆయన తన కిటికీలు దబీదబీమని మూసేవారు. తమ్ముడు పోయాక మాత్రం ఏ ఆదివారమూ మూయలేదు. అది నేను గమనించాను, చెప్పలేదు. ఆయనకి నా గోడ గడియారం ఇవ్వాలి. అది పది నిమిషాలు ముందుంటుంది, సరిచెయ్యొద్దు. ఆయన ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యం కాబట్టి సరిపోతుంది.

2. నా స్వార్జితమైన ఇల్లు, రెండు గదులూ వంటిల్లూ, వెనక ఉన్న రేకుల షెడ్డుతో సహా, నా మేనకోడలికి సర్వహక్కులతో చెందాలి. వంటింటి కుళాయి పూర్తిగా కట్టదు. ఎడమవైపుకి కొంచెం నొక్కి తిప్పాలి. నలభై ఏళ్ళు నొక్కి తిప్పాను, బాగు చేయించడానికి బద్ధకించాను.

3. రెండు కుట్టు మిషన్లూ, గుడ్డ అంచులు చుట్టే ఓవర్‌లాక్ మిషనూ, బొత్తాల డబ్బాలన్నీ నా దగ్గర కాజాలు కుట్టే ఆవిడకి. పెద్ద కత్తెర కూడా ఆవిడదే. దాంతో కాగితం కోస్తే మాత్రం నేను ఊరుకోను, ఎక్కడున్నా వస్తాను. నిలువుటద్దం మందుల షాపు ఆవిడకి. జాకెట్టు కొలతలకి వచ్చినప్పుడల్లా ఆ అద్దం ముందే లావయ్యానని దిగులు పడేది. ఇకనుంచి ఇంట్లోనే పడొచ్చు. మెయిన్ రోడ్డు మీద రెడీమేడ్ షాపు పెట్టి, నా దగ్గర కుట్టించుకున్న నమూనా చూసి వందల్లో కుట్టించి అమ్ముకున్న పెద్దమనిషికి ఏమీ లేదు. ఆయన కాపీ కొట్టిన ఆ మెడ కొలత తప్పు. ఆ రోజు నాకు జ్వరం.

4. ఇక కారు. పాతకాలపు గుండ్రటి వీపు కారు, బూడిదరంగు, తమ్ముడు పెట్టిన ముద్దుపేరు తాబేలు. మూతబడిన మిల్లు ఆవరణలో పిచ్చిమొక్కల మధ్య పడి ఉంటే కొని లారీలో వేసుకొచ్చాడు. అప్పటికి దాని అడుగు రేకు తుప్పుపట్టి ఊడిపోయింది, సీట్లో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి. ఎందుకురా ఈ కంకాళం అని అడిగితే, “నడిచే కారుని ఎవడైనా కొంటాడక్కా” అన్నాడు. వాళ్ళిల్లు రెండు వీధుల అవతల, కారు పట్టే చోటు లేదు. నా ఇంటి వెనక షెడ్డులో పెట్టాడు, కాగితాలూ నా పేరు మీదే రాయించాడు. అప్పటినుంచి వాడి ఆదివారాలన్నీ నా షెడ్డులోనే గడిచాయి.

మా తమ్ముడి వృత్తి ఫ్రిజ్‌లు, చల్లగదులు బాగుచెయ్యడం. ఎవరి చేతికి ఏది అలవాటో దాంతోనే పని చేస్తారు కదా. పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్ళే గొట్టం ఫ్రిజ్ రాగిగొట్టం. తలుపుల అంచున ఉన్న రబ్బరు ఫ్రిజ్ తలుపు రబ్బరు. అందుకే ఈ కారు తలుపు వేస్తే చప్పుడు కాదు, మెత్తగా అతుక్కుంటుంది. బోల్టులు, నట్లు సైజుల వారీగా ఐసు ట్రేలలో ఉండేవి. ఎండాకాలంలో ఇందులో పాలు పెట్టుకోవచ్చురా అని వెక్కిరించేదాన్ని. వాడు నవ్వి మళ్ళీ కారు కిందికి దూరేవాడు. నాకు కనబడేవి వాడి చెప్పులూ మడమలే. ఆ మడమలతోనే మాట్లాడేదాన్ని.

సీట్ల కవర్లు నేను కుట్టాను. డ్యాష్‌బోర్డులో ఎడమ సీటు ముందు ఒక అర ఉంటుంది, చిన్నాచితకా సామాను పెట్టుకోవడానికి, రేకు మూతతో. దాని లోపల ఎర్ర మఖమలు పరిచి, మూత అంచు చుట్టూ లావు దారం పెట్టి పైపింగు కుట్టి అతికించాను. నా పని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ఆ మూత వేస్తే సందులోంచి వెంట్రుక దూరదు.

5. షెడ్డులోని పానాలు, జాకీ, బ్యాటరీ నింపే పెట్టె, వెల్డింగు అద్దాలు, ఐసు ట్రేలతో సహా, మెకానిక్ ‘చూద్దాం’కి చెందాలి. ఏ బండి తెచ్చినా, ఏం చెప్పినా ముందు చూద్దాం అంటాడు కాబట్టి ఆ పేరు. గత ఏడేళ్ళుగా ఈ కారు పనిలో నాకు తోడున్నవాడు అతనే. షెడ్డు పనికి తమ్ముడు వేసుకునే పాత కోటు మాత్రం అతనికి ఇవ్వడం లేదు. అది నాతోనే రావాలి. ఉతక్కూడదు.

6. వాహనం ఎవరికి ఇచ్చినా దానికున్న లోపం దాచకుండా చెప్పాలని పోస్టుమాస్టరు గారు అన్నారు. చెబుతాను. ఇది కాస్త పొడుగు.

తమ్ముడు పోయింది సోమవారం. అంతకుముందు రోజు పొద్దుగూకేదాకా కారులోనే ఏదో బిగిస్తూ కూర్చున్నాడు. ఇంజను ఆ ఏడాదే తిరగడం మొదలుపెట్టింది, ఇంక చిల్లర పనులే మిగిలాయని హుషారుగా ఉన్నాడు. మర్నాడు ఒక ఐస్‌క్రీము గోదాములో చల్లగది ఆగిపోయిందని కబురొస్తే వెళ్ళాడు. లోపల పని చేస్తూ చేస్తూ పడిపోయాడు. గుండె ఆగింది, చలివల్ల కాదు అన్నారు డాక్టర్లు. ఆ తేడా నాకు అర్థం కాలేదు. ఇంటికి తెచ్చేసరికి వాడి చేతులకున్నది మామూలు చల్లదనం కాదు. ఆ రెండు చేతుల్నీ నా చేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు. ఆ చల్లదనం నా అరచేతుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్ని జాకెట్లు ఇస్త్రీ చేశానో, అది పోలేదు.

అప్పుడే మరదలు అందరి ముందూ నాతో అంది: “ఆ కారే ఆయన్ని తినేసింది వదినా. దాన్ని తుక్కుకి ఇచ్చెయ్.” నేను ఊరుకునే రకం కాదు. ఒక్కసారైనా ఎక్కి కూర్చోనిదానివి, దాని సంగతి నీకెందుకన్నాను. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. ఎదురుపడితే తను ఆ పక్కకీ నేను ఈ పక్కకీ.

షెడ్డుకి తాళం వేశాను. కానీ ఆదివారం వచ్చేసరికి లోపలినుంచి పానా నేలమీద పడ్డ చప్పుడు వినబడేది. వెళ్ళి తాళం తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు. రాగిగొట్టాలు కాల్చి అతికిన వాసన మాత్రం ఉండేది, ఎన్నాళ్ళయినా. భయం వేసిందా అంటే, చప్పుడు వినబడిన ఆదివారం వెయ్యలేదు. వినబడని ఆదివారమే వేసింది. వాడు నన్నూ వదిలేసి పోయాడేమోనని. అలా రెండేళ్ళు గడిచాక, ఇలా తలుపు బయట నిలబడి చెవి ఒగ్గేకంటే లోపలికెళ్ళి పనైనా చేద్దామని చూద్దాంని పిలిచాను.

చూద్దాం వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత, ఇంజను చూడ్డానికి నన్ను పిలిచారు సరే, ఫ్రిజ్ చూడ్డానికి ఇంకెవరినైనా పిలిచారా అని అడిగాడు. కొత్త బ్యాటరీ పెట్టాం. కార్బ్యురేటరు విప్పి కడిగాం. నిప్పురవ్వ పుట్టే పాయింట్లు గీకడం, బ్రేకు నూనెలో గాలి తియ్యడం నేర్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు కస్టమర్లు వస్తే షెడ్డులోంచి నల్లటి చేతులతో వచ్చి కొలతలు తీసుకోబోయేదాన్ని, వాళ్ళు కెవ్వుమనేవారు. ఒక రోజు తాబేలు తిరిగింది. వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చాం. పోస్టుమాస్టరు గారు గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు.

మూడో నాటికి బ్యాటరీ చచ్చిపోయింది. నింపాం. మళ్ళీ మూడో నాటికి అదే వరస. కారు నిలబడి ఉంది, తాళంచెవి తీసేసి ఉంది, దీపాలన్నీ ఆరి ఉన్నాయి. అయినా కరెంటు ఎవరో తాగేస్తున్నారు. బ్యాటరీ దోషమని ఇంకొకటి తెచ్చాడు. డైనమో మార్చాడు. మీటరు పెట్టి చూస్తే ముల్లు సన్నగా వణికేది, ఏదో తింటోందమ్మా అనేవాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. అన్నీ పీకేసినా ముల్లు వణుకు ఆగలేదు. ఎడమ సీటు అరలో తమ్ముడు పెట్టిన చిన్న దీపం ఒకటి ఉంది. తెరిచి చూస్తే వెలగడం లేదు. వెలగని దీపం ఏం తింటుందిలే అని దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇలా కొన్నేళ్ళు. పొద్దుపోయాక అందులో ఎవరో కూర్చుంటున్నారని మందుల షాపు ఆవిడ తేల్చేసింది. పార్కు చేసినప్పుడల్లా బ్యాటరీ తీగ విప్పేస్తే పీడా పోతుందని పోస్టుమాస్టరు గారు సలహా ఇచ్చారు. జబ్బు దొరక్కుండా తీగ విప్పితే ఓడిపోయినట్టే అనేవాడు తమ్ముడు. నేనూ విప్పలేదు. నిజం చెప్పాలంటే, ఎవరో తాగుతున్నారన్నా నాకు బాగానే ఉండేది. వాడే అయితే తాగనీ అనుకునేదాన్ని.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నాను. ఎడమ సీట్లో కూర్చుని చిరిగిన అంచు కుట్టి, లేవబోతే మోకాళ్ళు సహకరించక ఊతం కోసం ఎదురుగా అర మూత మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది.

కారు వారం రోజులుగా కదల్లేదు. బ్యాటరీ అంతకుముందు రోజే నింపాం. తలుపు రేకు ముట్టుకుంటే చేతికి జివ్వున లాగేంత చల్లగా ఉంది, స్టీరింగూ అంతే. ఈ మూత ఒక్కటే, మనిషి చొక్కా వేసుకుని ఉంటే వీపు మీద చెయ్యి వేసినట్టు, అంత వెచ్చగా. చెయ్యి తీసేశాను. మళ్ళీ పెట్టాను. అన్నేళ్ళ నాటి చల్లదనం నా అరచేతిలోంచి జారిపోవడం నాకు తెలిసింది. ఏడ్చాను. ‘ఇక్కడున్నావా’ అన్నాను. తెరిచి చూసే ధైర్యం లేక ఆగి, రెండు రోజుల తర్వాత తెరిస్తే లోపల చీకటి, నా ఎర్ర మఖమలు, వెలగని దీపం. మూసి కాసేపాగి చెయ్యి పెడితే మళ్ళీ వెచ్చన. నేను చూస్తే వాడు వెళ్ళిపోతున్నాడు, చూడకపోతే ఉంటున్నాడు. మధ్యలో బ్యాటరీ నేనే నింపుకుంటూ పదిరోజులు అదే నమ్మాను. మంచి తెలివిలో ఉండి అని పైన రాశాను కదా, ఆ పదిరోజులూ కలుపుకునే రాశాను.

పదకొండో నాడు చూద్దాం వచ్చాడు. చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తన ఫోన్‌లో వీడియో నొక్కి, ఫోన్‌ని అరలో పెట్టి మూత వేశాడు. తీసి చూస్తే, మూత పడీ పడగానే లోపల దీపం భగ్గున వెలిగింది. నా మఖమలు, నా కుట్లు, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత వెలుతురు. మూత తెరవగానే ఆరిపోయింది.

సంగతి ఇదీ. ఫ్రిజ్ తలుపు దగ్గర చూడ్డానికి ఒకేలా ఉండే స్విచ్చులు రెండు ఉంటాయట. ఒకటి దీపానిది, తలుపు తెరిస్తే వెలిగిస్తుంది. ఇంకొకటి లోపల చల్లగాలి తిప్పే ఫ్యానుది, తలుపు మూస్తేనే పనిచేస్తుంది. తమ్ముడు ఐసు ట్రేలోంచి ఒకటనుకుని ఇంకొకటి తీసి బిగించాడు. కరెంటుకి తాత్కాలికంగా బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి టేపు చుట్టాడు, అందుకే ఫ్యూజులు పీకినా ఆగలేదు. తెరిచి సరిచూసుకునే ఆదివారం వాడికి రాలేదు. నా పైపింగు బిగువుకి వెలుతురు బయటికి పొక్కలేదు. వాడి పొరపాటుకి నా పనితనం తోడై, ఆ దీపం ఎవరికీ కనబడకుండా వెలుగుతూనే ఉంది, బ్యాటరీలో ప్రాణం ఉన్నంతసేపూ.

“అమ్మా, దెయ్యం కాదు, స్విచ్చు. ఇప్పుడే మార్చేస్తా,” అన్నాడు చూద్దాం.

ఉండనీ అన్నాను. అతను పానా కింద పెట్టాడు. ఈ మోడల్ కార్లు చాలా చూశానమ్మా, దేనికీ ఈ అరలో దీపం ఉండదు, తమ్ముడుగారు కావాలని పెట్టినట్టున్నారు అన్నాడు. నాకోసమే అనుకున్నాను. కారులో కూర్చుని సూదీ దారం కనబడక తిట్టుకునేదాన్ని కదా, వాడు విని ఉంటాడనుకున్నాను. అప్పటినుంచి రెండు రోజులకోసారి బ్యాటరీ నింపుకుంటూ, రోజూ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. అది స్విచ్చు అని తెలుసు. తెలిసినా వాడే. నా జీవితంలో ఇంత సుఖంగా గడిచిన ఏడాది ఇంకొకటి లేదు. ఈ కారు ఎవ్వరికీ ఇవ్వనని మొండికెయ్యడానికి కారణం కూడా అదే.

7. మరదలితో నాకున్న తగువు గురించి. ఇది ఆస్తి కాదు, అయినా పంపకంలోకి వస్తుంది.

తమ్ముడు ఆదివారం పని ముగించి, చేతులు కడుక్కుని, పొద్దుగూకే వేళకి కారుని గేటు దాకా తెచ్చి భార్యకి కబురు పెట్టేవాడు, మలుపు దాకా వెళ్ళొద్దాం రమ్మని. ఆమె ఏ ఒక్క ఆదివారమూ రాలేదు. పనుందని ఒకసారి, తలనొప్పని ఒకసారి. వాడు ఏమీ అనకుండా కారు మళ్ళీ లోపల పెట్టేవాడు. నాకు మండిపోయేది. మొగుడి ముచ్చట కాస్త తీర్చలేని మనిషి అనుకున్నాను, పదిమందితోనూ అన్నాను. మా ఇంటికి కూడా సందెవేళ దాటితే వచ్చేది కాదు. పొగరని ముద్ర వేశాను.

పోయిన నెల మేనకోడలు వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది, తండ్రి చెయ్యే దానికి. కారు మళ్ళీ అడిగింది, ఇవ్వనన్నాను. అలవాటుగా, మీ అమ్మ ఎలా ఉందని పొడిగా అడిగాను. మెట్ల దగ్గర పడి మణికట్టు వాచిందని చెప్పింది. మెట్ల కింద దీపం పాడైందట.

“నాన్న పెట్టినవి ఒక్కొక్కటే పోతున్నాయి అత్తా,” అంది. “మా ఇంట్లో ఏ అలమర తీసినా, ఏ తలుపు తీసినా దీపం వెలిగేది. పాత ఫ్రిజ్‌లవి తెచ్చి నాన్న అన్నిచోట్లా పెట్టాడు. అమ్మకి పొద్దుగూకితే కళ్ళు కనబడవుగా.”

నాకు తెలియదు. రేచీకటి. పెళ్ళి చెడుతుందని పుట్టింటివాళ్ళు దాచారట. వాడు మొదటి వారంలోనే కనిపెట్టి, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడట. అక్కకి కూడా. ముఖ్యంగా అక్కకే అయి ఉంటుంది, నా నోరు వాడికి తెలుసు. గేటు దగ్గర ఇంజను తిరుగుతుండగా భార్య రానప్పుడు వాడు ఎందుకు ఏమీ అనలేదో నాకు అప్పుడు అర్థమైంది. పని తెమిలేసరికే పొద్దుగూకేది, అయినా ఆశ కొద్దీ పిలిచేవాడు.

మేనకోడలు వెళ్ళాక షెడ్డులోకి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాను. మూత మీద చెయ్యి పెట్టాను. ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. పరాయివాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టు అనిపించి తీసేశాను. ఆ సీటు నాది కాదు. ఆ దీపం నా సూదికోసం పెట్టలేదు. చీకటి పడ్డాక కారెక్కే మనిషి చెయ్యి చాచి అర తెరిస్తే, అక్కడ వెలుతురు ఉండాలని పెట్టాడు. వాడు పోయే ముందు ఆదివారం పొద్దుగూకేదాకా కూర్చుని బిగించింది అదే. ఆ కారే ఆయన్ని తినేసిందని ఏడ్చిన మనిషికోసమే ఆ చివరి పని. ఆ సంగతి ఆమెకి ఇప్పటికీ తెలియదు.

బాధగా ఉంది. సిగ్గు కంటే బాధే ఎక్కువ. వాడు నా దగ్గర మిగిల్చి వెళ్ళాడనుకున్నది నాకు కాదని తెలిసిన బాధ అది. అసూయ కూడా ఉంది, రాయకపోతే అబద్ధమవుతుంది.

8. కాబట్టి పైన నాలుగో క్లాజులో వివరించిన కారు నా మరదలికి సర్వహక్కులతో చెందాలి. మేనకోడలికి కాదు, అది అలగకూడదు. షరతులు రెండే. ఒకటి, కారుని ఏం చెయ్యాలో చెప్పే ముందు మరదలు వెలుతురు ఉండగా షెడ్డుకి వచ్చి, ఎడమ సీట్లో కూర్చుని, అర మూత మీద చెయ్యి పెట్టాలి. అప్పటికి బ్యాటరీ నింపి ఉంచడం చూద్దాం బాధ్యత. రెండు, ఆ సమయంలో ఆమె పక్కన ఎవరూ ఉండకూడదు, ఎంతసేపని ఎవరూ అడగకూడదు.

ఆ తర్వాత ఆమె ఇష్టం. స్విచ్చు మార్పిస్తే, ఆమె తెరిచినప్పుడు దీపం వెలుగుతుంది. తమ్ముడు కోరుకున్నది అదీ. మార్చకపోతే, మూసి ఉన్నంతసేపూ మూత వెచ్చగా ఉంటుంది. తమ్ముడు వదిలి వెళ్ళింది ఇదీ. రెండూ ఒక్కసారి దొరకవు, నేను చూద్దాంని అడిగి చూశాను. ఇవేవీ వద్దు, తుక్కుకే ఇమ్మంటే తుక్కుకే ఇవ్వాలి. నా తరపున ఎవరూ అడ్డుపడకూడదు.

9. పై క్లాజు చిత్తుప్రతి నిన్న చదివి పోస్టుమాస్టరు గారు ఒక అభ్యంతరం చెప్పారు. వీలునామా రాసిన మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది, అంతదాకా మరదలికి ఏ హక్కూ రాదు అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకో మాట కూడా అన్నారు. “కత్తెరమ్మా, ఆవిడ ఇంట్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయంటున్నావు. నువ్వు పోయేదాకా ఆగమంటావా?”

ఆయన్ని అమలుకర్తగా పెట్టుకోవడం నేను చేసిన తెలివైన పని. నిన్ననే మేనకోడలి చేత మరదలికి కబురు పంపాను. కారు నీది, వచ్చి చూసుకోమని మాత్రమే చెప్పించాను. మూత సంగతి చెప్పలేదు, అది చెబితే తెలిసేది కాదు. వస్తుందని నాకు నమ్మకం లేదు. కబురు పంపినప్పటినుంచి నేను షెడ్డులోకి వెళ్ళలేదు. సాయంత్రం ఆ వేళకి కాళ్ళు అటే లాగాయి. కాజాలావిడతో కబుర్లు పెట్టుకుని కూర్చున్నాను.

ఈ పొద్దున జవాబు వచ్చింది. షెడ్డులో పగలు కూడా చీకటిగా ఉంటుందట. వదిన గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వస్తానంది.

10. మిగిలిన చరాస్తి ఏదైనా ఉంటే మేనకోడలికే చెందాలి. ఇంకా రాయాల్సినవి ఉన్నాయి గానీ, మూడు గంటలకల్లా మరదలు వస్తుంది. నేను గేటు దగ్గర ఉండాలి. ఇంతటితో ఆపి సంతకం చేస్తున్నాను.

తేదీ: 2025 డిసెంబరు 14, ఆదివారం.

(సంతకం)
కత్తెరమ్మ

సాక్షులు:
1. మందుల షాపు ఆవిడ (సూదిలో దారం ఎక్కించడం చూసిన మనిషి)
2. మెకానిక్ చూద్దాం (బ్యాటరీ నింపి ఉంచాను)